పెళుసుతనము వీడిన పోతఇనుము

ఇనుము పేరు ఒకటే అయినా దాని గుణములు పలువిధములు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపకడ్డీ సమ్మెట దెబ్బకు సాగి కొడవలిగానో గొలుసుగానో మారుతుంది. కాని పాత కుట్టుమిషను కాళ్ల చట్రమును చూడండి. అదియును ఇనుమే. బండిమీది నుండి జారి రాతినేలపై పడితే అది పెంకువలె పగులుతుంది. దానిని ఎంత కాల్చి కొట్టినా సాగదు సరికదా, ముక్కలవుతుంది. ఈ రెండవ రకమునకే పోతఇనుము అని పేరు.

అయితే పోతఇనుములో ఒక గొప్ప సౌకర్యమున్నది. శుద్ధమైన ఇనుము కరగవలెనంటే 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. నూటికి 4.3 పాళ్లు కర్బనము కలిసిన ఇనుము దాదాపు 1150 డిగ్రీల వద్దనే కరిగిపోతుంది. కరిగినది అచ్చులోని ప్రతి మూలకు పారి, చల్లారగానే కోరిన ఆకారముతో బయటికి వస్తుంది. సమ్మెటతో పని లేదు. ఒకే నమూనాతో వందల వస్తువులు పోయవచ్చును. చౌకదనములో దీనికి సాటి లేదు. కాని దెబ్బ తగిలే చోట దీనిని నమ్ముటకు వీలులేదు.

పోతఇనుమువలె సులభముగా పోయగలిగి, చేత ఇనుమువలె దెబ్బకు ఓర్చుకొనే లోహమును సంపాదించగలమా? ఈ ఒక్క ప్రశ్న చుట్టు రెండువేల సంవత్సరములకు పైబడిన చరిత్ర అల్లుకొని ఉన్నది. దీనికి సమాధానము ముఖ్యముగా ఉష్ణోపచారము వలన లభించినది. లోహమును కరగనీయకుండ, ఘనస్థితిలోనే ఒక నిర్ణీతమైన వేడికి తెచ్చి, కొంతకాలము ఆ వేడిలో ఉంచి, తగిన వేగముతో చల్లార్చుటను ఉష్ణోపచారము అంటారు.

కర్బనము దాగిన తీరు

చేత ఇనుములో కర్బనము అత్యల్పము. ఉక్కులో అది నూటికి 2 పాళ్లకు లోపుగా ఉంటుంది. పోతఇనుములో సాధారణముగా 2 నుండి 4 పాళ్ల వరకు ఉంటుంది. ఇంత కర్బనమును గడ్డకట్టిన ఇనుము తనలో ఇముడ్చుకొనలేదు. ఇముడని కర్బనము రెండు రూపములలో ఏదో ఒకదానిని ధరిస్తుంది.

పోత త్వరగా చల్లారినా, దానిలో సిలికాన్ తక్కువగా ఉన్నా, కర్బనము ఇనుముతో సంయోగము చెంది ఇనుప కార్బైడు అవుతుంది. దీనిని సిమెంటైటు అని కూడ అంటారు. ఇటువంటి పోతను విరిచి చూస్తే విరుగు వెండివలె తెల్లగా మెరుస్తుంది. ఇది తెల్ల పోతఇనుము. ఆకురాయి కూడ దీనిని గీయలేదు; అయినను దెబ్బకు గాజువలె పగులుతుంది. పోత నిదానముగా చల్లారి, సిలికాన్ తగినంత ఉంటే, కర్బనము గ్రాఫైటుగా విడివడుతుంది. మన పెన్సిలులోని నల్లని పదార్థము ఇదే. ఇది ఇనుములో పలుచని రేకులుగా వ్యాపించి ఉంటుంది. విరుగు బూడిదరంగుగా కనబడుతుంది కనుక దీనిని బూడిదరంగు పోతఇనుము అన్నారు. దీనిని కోయవచ్చును, తొలచవచ్చును. కాని గ్రాఫైటుకు బలము లేదు. లోహములోని ప్రతి రేకును ఒక పగులుతో సమానము.

గుడ్డ అంచున కత్తెరతో చిన్న గంటు పెట్టి లాగితే, ఆ గంటు నుండియే గుడ్డ బారున చిరుగుతుంది. అదే గుడ్డలో గుండ్రని రంధ్రముంటే అంత సులభముగా చిరగదు. గ్రాఫైటు విషయము కూడ ఇట్టిదే. రేకుల కొసల వద్ద ఒత్తిడి అంతయు కేంద్రీకరించి పగులు సాగిపోతుంది. అదే గ్రాఫైటు ఉండలుగా ముద్దకట్టి ఉంటే, చుట్టునున్న ఇనుము తన సహజమైన సాగే గుణమును చూపగలుగుతుంది. కనుక పోతఇనుము చరిత్ర అంటే, ఒక విధముగా, కర్బనము రూపమును మార్చుటకై మనుష్యులు చేసిన ప్రయత్నముల చరిత్రయే.

తూర్పు దేశముల కొలుములు

ఐరోపావారు ఇనుమును కరిగించి పోయుట నేర్చినది మధ్యయుగముల చివరిభాగములో. చైనావారు క్రీ. పూ. 5వ శతాబ్దము నాటికే ఈ పని చేయుచుండిరి. నాగటి కర్రులు, పారలు, గొడ్డళ్లు పోత పోసేవారు. కాని తెల్ల పోతఇనుముతో చేసిన పార రాతికి తగిలితే విరుగుతుంది. పార విరిగిన రైతుకు ఆనాటి పని ఆగిపోతుంది. అందుచేత అచ్చటి పనివారు పోత పోసిన పనిముట్లను మరల కొలిమిలో పెట్టి, చాలసేపు ఎర్రగా కాల్చి, నిదానముగా చల్లార్చే పద్ధతిని కనిపెట్టినారు. త్రవ్వకములలో దొరికిన ఆనాటి పనిముట్లను సూక్ష్మదర్శినితో పరీక్షించగా, కొన్నిటి పైపొరలో కర్బనము తరిగిపోయినట్లును, కొన్నిటిలో కార్బైడు విడివడి గ్రాఫైటు ముద్దలుగా మారినట్లును స్పష్టమైనది. క్రీ. పూ. 117లో హాన్ చక్రవర్తి వూ ఇనుము పరిశ్రమను ప్రభుత్వాధీనము చేసినాడు. హోనాన్ ప్రాంతములో లభించిన హాన్ యుగపు పనిముట్లు కొన్నిటిలో గ్రాఫైటు దాదాపు గుండ్రని ఉండలుగా కూడ కనబడినది.

మన దేశపు కమ్మరులకును ఇటువంటి సూత్రము తెలియనిది కాదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రములో మూసలలో కరిగించి తీసిన ఉక్కుబిళ్లలు పోతఇనుము కావు. అయినను వానిలో కర్బనము ఎక్కువగుటచే అవి గట్టిగా, పెళుసుగా ఉండేవి. వానిని వెంటనే సాగగొట్టుటకు వీలుకాదు. 19వ శతాబ్దపు తొలి దశకములలో ఈ పనిని చూచిన వాయిసీ అను వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు వ్రాసిన వర్ణన ఉన్నది. ఆ బిళ్లలకు మట్టి పూతపూసి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, చల్లార్చి, సుత్తికి లొంగే మెత్తదనము వచ్చేవరకు ఆ పనిని మరల మరల చేసేవారట. ఆ ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు ఆ ఊరికి వచ్చేవారు. కర్బనమను మాట ఎరుగని పనివారు కూడ, వేడికిని కాలమునకును లోహపు గుణమును మార్చే శక్తి ఉన్నదని ఈ విధముగా ఎరిగియుండిరి.

రెయోమూర్ పరిశోధన

చేతిపనిగా ఉన్న ఈ విద్యను శాస్త్రముగా పరిశీలించిన తొలివారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశీయుడైన రెయోమూర్ (1683–1757). ఉష్ణమాపకములలో రెయోమూర్ మానమును గూర్చి విద్యార్థులు వినియే ఉంటారు. ఆ మానమును ఏర్పరచినవాడు ఇతడే. ఆ కాలములో ధనికుల ఇండ్లకు అలంకారముగా అమర్చే ఇనుపపనిని కమ్మరులు కొట్టి, ఆకురాయితో చెక్కి తయారు చేసేవారు. దానికి నెలల కాలము పట్టేది. అవే వస్తువులను పోత పోసి, తరువాత మెత్తబరచగలిగితే సామాన్యునికి కూడ అందుబాటులోకి వస్తాయని రెయోమూర్ ఆలోచన.

అతడు తెల్ల పోతఇనుప వస్తువులను ఎముకల భస్మము వంటి పొడులలో పొదిగి, మూసిన పెట్టెలలో దినముల తరబడి కాల్చినాడు. విరిచిన ముక్కల విరుగులను భూతద్దముతో పరిశీలించి బొమ్మలు గీయించినాడు. 1722లో ఈ పరిశోధనలను గ్రంథముగా ప్రకటించినాడు. ఫ్రాన్సు రాజప్రతినిధి అయిన ఓర్లెయాన్ ప్రభువు అతనికి సంవత్సరమునకు 12,000 లీవ్రల భరణము ఏర్పరచగా, తన అనంతరము అది విజ్ఞాన పరిషత్తుకు చెందవలెనని అతడు కోరినాడు.

అతని సిద్ధాంతము మాత్రము సరియైనది కాదు. ఇనుములో “గంధకములు, లవణములు” చొచ్చియుండుటయే భేదమునకు కారణమని అతడు తలచినాడు. అవి చేత ఇనుములో తక్కువ, ఉక్కులో మధ్యస్థము, పోతఇనుములో ఎక్కువ అన్నాడు. పదార్థము పేరు తప్పినది. కాని వరుస తప్పలేదు. ఆ పదార్థము కర్బనమని 1786లో వాండర్‌మోండ్, బెర్తొలే, మోంజ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు నిర్ధారణ చేసినారు. 1804లో ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన శామ్యూల్ లూకస్, పోతలను ఇనుప ఖనిజపు పొడిలో పొదిగి కాల్చే పద్ధతికి పేటెంటు పొందినాడు. ఖనిజములోని ఆమ్లజని పోతలోని కర్బనమును హరిస్తుంది. ఈ విధముగా తయారైన వస్తువు విరుగు తెల్లగా ఉండేది.

బాయిడెన్ చూచిన నల్లని విరుగు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో న్యూవార్క్ పట్టణము గుఱ్ఱపు జీనులకు, కళ్లెములకు ప్రసిద్ధి చెందినది. ఆ సామగ్రికి దెబ్బకు విరగని చిన్న చిన్న ఇనుప భాగములు కావలెను. అటువంటివి ఐరోపా నుండి దిగుమతి అయ్యేవి. అచ్చటనే నివసించిన సేత్ బాయిడెన్ (1788–1870) తానే వానిని చేయదలచినాడు. నిగనిగలాడే పేటెంటు తోలును అమెరికాలో తయారు చేసినదియును ఇతడే.

1826లో బాయిడెన్ పోతలను కాల్చి విరిచి చూస్తే, ఐరోపా ముక్కలవలె విరుగు తెల్లగా లేదు. లోపల నల్లగా ఉన్నది. అయినను ఆ ముక్క వంగినది, విరగలేదు. అతడు వాడిన ఇనుములో సిలికాన్ ఎక్కువగా ఉండెను. అందువలన కార్బైడు వేడిలో విడివడినప్పుడు కర్బనము బయటికి పోక, లోపలనే గ్రాఫైటు ముద్దలుగా నిలిచినది. ఐరోపా పద్ధతిలో కర్బనమును తీసివేస్తారు. బాయిడెన్ పద్ధతిలో దానిని లోపలనే ఉంచి రూపమును మార్చుతారు. ఫలితము ఒకే విధముగా ఉన్నను మార్గములు వేరు. 1831లో అతనికి పేటెంటు లభించినది. అచ్చటి నుండి వ్యవసాయ యంత్రములకు, రైలుపెట్టెలకు, తరువాత మోటారు వాహనములకు ఈ సాగే పోతఇనుము విరివిగా వాడబడినది.

కాని దీనికి రెండు లోపములున్నవి. మొదటిది కాలము. 900 డిగ్రీలకు పైబడిన వేడిలో ఉంచి, నిదానముగా చల్లార్చుటకు వారమునకు దగ్గరగా పట్టేది. రెండవది మందము. పోత ముందుగా అంతయు తెల్ల పోతఇనుముగా గడ్డకట్టవలెను. మందమైన పోత నిదానముగా చల్లారుతుంది కనుక దాని నడిమిభాగములో గ్రాఫైటు రేకులు ముందే ఏర్పడుతాయి. ఒకసారి ఏర్పడిన రేకును ఏ ఉష్ణోపచారమును ఉండగా మార్చలేదు. అందుచేత పెద్ద పెద్ద దూలములు, యంత్రభాగములు పెళుసుగానే ఉండిపోయినవి.

ఈ లోపము ఎంత ప్రమాదకరమో 1847 మే 24న తెలిసివచ్చినది. ఇంగ్లండులోని చెస్టరు వద్ద డీ నదిపై రాబర్ట్ స్టీఫెన్సన్ రూపకల్పనతో కట్టిన రైలువంతెనకు పోతఇనుప దూలములుండెను. రైలు దాటుచుండగా ఒక దూలము విరిగి పెట్టెలు నదిలో పడినవి. ఐదుగురు మరణించినారు. రైలు కట్టడములలో ఇనుము వాడుకను విచారించుటకు రాజసంఘము నియమింపబడినది. సాగే గుణము లేని లోహము ముందుగా వంగి హెచ్చరిక చేయదు, ఒక్కసారిగా తెగిపోతుంది. లోహములో బలము ఎంత అవసరమో, విరిగేముందు వంగే గుణము కూడ అంత అవసరమని ఇంజనీర్లు గ్రహించినారు.

లోహము లోపలికి చూపు

అప్పటివరకు లోహము లోపల ఏమున్నదో విరుగును చూచి ఊహించవలసినదే. 1863 ప్రాంతములో షెఫీల్డు నివాసియైన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ ఇనుమును అద్దమువలె మెరుగుపెట్టి, ఆమ్లముతో కొద్దిగా తినిపించి, సూక్ష్మదర్శినితో చూచినాడు. లోహము ఏకాండముగా గాక, వేరువేరు పదార్థముల అమరికగా కనబడినది. గ్రాఫైటు, కార్బైడు, ఇనుము విడివిడిగా గుర్తింపబడినవి. పనివాని అనుభవమునకు చూపు తోడైనది.

ఇక ప్రయత్నములు రెండవ దారిలో సాగినవి. ఘనస్థితిలో రేకును మార్చలేకపోతే, ద్రవస్థితిలోనే దాని పుట్టుకను ఎందుకు మార్చకూడదు? 1920 తరువాతి దశకములో అమెరికాలోని చట్టనూగాలో ఆగస్టస్ మీహన్, కరిగిన ఇనుములో కాల్షియము సిలిసైడు కలిపి, గ్రాఫైటు రేకులను సన్నగా, సమముగా చేయగలిగినాడు. ఈ విధముగా ద్రవమునకు స్వల్పముగా మందు కలిపి గుణము మార్చిన దానిని సంస్కరించిన పోతఇనుము అనవచ్చును. బలము పెరిగినది. అయినను రేకు రేకుగానే ఉండెను.

1943లో యుద్ధకారణముగా క్రోమియము కొరత ఏర్పడినది. న్యూజెర్సీలోని బేయాన్‌లో ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీ పరిశోధనశాలలో కీత్ మిల్లిస్ అను యువ ఇంజనీరు, గట్టి పోతఇనుములో క్రోమియమునకు బదులు వాడదగిన మూలకమునకై వెదకుచు, ఒక్కొక్కదానిని కలిపి చూచుచుండెను. వానిలో మెగ్నీషియము ఒకటి. దానిని రాగితో మిశ్రలోహముగా చేసి కరిగిన ఇనుములో కలిపినాడు. మెగ్నీషియము కలిపిన పోతఇనుమును పరీక్షించగా అది అసాధారణమైన బలమును చూపినది. సూక్ష్మదర్శినిలో చూడగా గ్రాఫైటు రేకులు లేవు. గుండ్రని చిన్న ఉండలు కనబడినవి.

ఇంగ్లండులో హెంటన్ మారో అను పరిశోధకుడు సీరియము సహాయముతో ఇదే ఫలితమును సాధించినాడు. 1948 మే నెలలో ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా పోతపనివారి మహాసభలో మారో పత్రమును సమర్పించగా, చర్చ సమయములో నికెల్ కంపెనీ ప్రతినిధి లేచి, తాము మెగ్నీషియముతో ఇదే పని చేసినామని ప్రకటించినాడు. 1949 అక్టోబరు 25న మిల్లిస్‌కును, అతని సహచరులైన గాగ్నెబిన్, పిల్లింగ్‌లకును పేటెంటు వచ్చినది. ఈ లోహమునకే డక్టైల్ ఇనుము అని పేరు.

కావలసిన మెగ్నీషియము బహు స్వల్పము. పోతలో నూటికి 0.04 పాలు ప్రాంతముగా మిగిలితే చాలును. కాని మెగ్నీషియము 1090 డిగ్రీల వద్దనే మరుగుతుంది. కరిగిన ఇనుము వేడి అంతకంటె ఎంతో ఎక్కువ. అందుచేత కలిపిన వెంటనే కన్నులు మిరుమిట్లు గొలిపే మంటతో, పొగతో ఆవిరైపోతుంది. దీనిని తగ్గించుటకే దానిని నికెలుతోనో, ఇనుము–సిలికాన్‌తోనో మిశ్రలోహముగా చేసి కలుపుతారు. అది ముందుగా గంధకమును, ఆమ్లజనిని హరిస్తుంది. మిగిలినది గ్రాఫైటును గుండ్రముగా పెరగనిస్తుంది. ఆలస్యము చేస్తే దాని ప్రభావము తగ్గిపోతుంది కనుక, కలిపిన కొద్ది నిమిషములలోనే పోత పూర్తి కావలెను.

మరల కొలిమిలోనికి

ఉండలు ఏర్పడిన తరువాత ఉష్ణోపచారమునకు పని లేదని తోచవచ్చును. నిజమునకు అసలైన పని అప్పుడే మొదలైనది. రేకులున్నంత కాలము చుట్టునున్న ఇనుమును ఎంత బాగుచేసినా పగులు రేకు వెంబడియే పోయేది. ఉండలు వచ్చిన తరువాత, చుట్టునున్న ఇనుపభాగమే బలమును నిర్ణయిస్తుంది. దానిని ఉక్కువలెనే ఉష్ణోపచారముతో కోరినట్లు తీర్చవచ్చును.

దీనికి పునాది అప్పటికే పడియున్నది. 1930లో న్యూజెర్సీలోని కేర్నీలో పనిచేయుచున్న ఎడ్మండ్ డావెన్‌పోర్ట్, ఎడ్గార్ బెయిన్ ఒక ముఖ్యమైన పరిశోధనను ప్రకటించినారు. ఎర్రగా కాలిన ఉక్కును చన్నీటిలో ముంచక, కొన్ని వందల డిగ్రీల వేడిగల తొట్టిలో ముంచి అదే వేడిలో ఉంచితే, సూదులవంటి ఒక కొత్త అమరిక ఏర్పడుతుందని వారు చూపినారు. 1934లో బెయిన్ గౌరవార్థము దానికి బెయినైటు అని పేరు పెట్టినారు. న్యూవార్క్, కేర్నీ, బేయాన్ మూడును ఇరుగుపొరుగు పట్టణములగుట విశేషము.

ఈ పద్ధతినే డక్టైల్ ఇనుమునకు వర్తింపజేసినారు. పోతను ముందుగా 850 నుండి 950 డిగ్రీల వరకు వేడిచేస్తారు. అప్పుడు గ్రాఫైటు ఉండల చుట్టునున్న ఇనుము, ఆస్టెనైటు అను రూపము దాల్చి కొంత కర్బనమును కరిగించుకొంటుంది. తరువాత దానిని 250 నుండి 400 డిగ్రీల మధ్య వేడిగల కరిగిన లవణపు తొట్టిలోనికి త్వరగా మార్చుతారు. అచ్చట ఫెర్రైటు సన్నని సూదులుగా పెరుగుతుంది. ఫెర్రైటులో కర్బనమునకు చోటులేదు కనుక అది ప్రక్కనున్న ఆస్టెనైటులోనికి నెట్టబడుతుంది. ఉక్కులో అయితే ఆ కర్బనము కార్బైడుగా మారును. ఇచ్చట నూటికి 2 నుండి 3 పాళ్లున్న సిలికాన్ దానిని అడ్డగిస్తుంది. కర్బనముతో నిండిన ఆస్టెనైటు చల్లారిన తరువాత కూడ చెక్కుచెదరక నిలుస్తుంది. ఈ జంట అమరికయే దాని బలమునకును, ఓర్పునకును మూలము. అయితే తొట్టిలో ఉంచు కాలమునకు హద్దులున్నవి. ముందే తీస్తే అమరిక పూర్తికాదు. మితిమీరి ఉంచితే కార్బైడు పుట్టి పెళుసుతనము తిరిగి వస్తుంది.

ఫలితమును అంకెలలో చూడవచ్చును. అడ్డుకోత 1 చదరపు సెంటీమీటరుగల బూడిదరంగు పోతఇనుప కడ్డీ సాధారణముగా ఒకటిన్నర నుండి 4 టన్నుల బరువును లాగగలదు. విరిగేముందు సాగుట దాదాపు లేదు. డక్టైల్ ఇనుము 4 నుండి 8 టన్నుల వరకు లాగగలదు. దానిలో మెత్తని రకము నూటికి 18 పాళ్ల వరకు సాగుతుంది. లవణపు తొట్టిలో ఉపచారము పొందినది సుమారు 9 నుండి 16 టన్నుల వరకు లాగగలదు. వానిలో బలము తక్కువైన రకము నూటికి 10 పాళ్లు సాగితే, అత్యంత బలమైన రకము 1 పాలు మాత్రమే సాగుతుంది. 1972లో అమెరికాలో శీతల యంత్రముల కంప్రెసరుకు కావలసిన క్రాంకు ఇరుసును తొలిసారిగా ఈ విధముగా వ్యాపారసరళిలో తయారు చేసినారు. 1977లో జనరల్ మోటార్స్ సంస్థ, పాంటియాక్ కార్ల వెనుక ఇరుసులోని పళ్లచక్రములను ఉక్కుకు బదులు దీనితో చేయించినది. పాత కాలములో ఒక్క దెబ్బకు పగులునని దూరముంచిన లోహమే, క్షణక్షణము దెబ్బలు తినే పళ్లచక్రమునకు తగినదైనది.

నీటిగొట్టములో చరిత్ర

ఈ చరిత్రను చూచుటకు దూరదేశములకు పోనక్కరలేదు. తిరుపతి జిల్లాలో శ్రీకాళహస్తి సమీపమునగల రాచగున్నేరిలో డక్టైల్ ఇనుప గొట్టముల కర్మాగారమున్నది. మంచినీటి పథకములకు ఇట్టి గొట్టములు వాడుతారు. గిరగిర తిరుగుచున్న లోహపు అచ్చులోనికి, మెగ్నీషియముతో సంస్కరించిన ద్రవ ఇనుమును పోసి గొట్టములను తయారు చేయుట సాధారణ పద్ధతి. అచ్చును తాకిన పైపొర వెంటనే చల్లారి, దానిలో కార్బైడు ఏర్పడుతుంది. ఆ స్థితిలోనే నేలలో పాతితే, పైన లారీ పోయినప్పుడో, నేల క్రుంగినప్పుడో గొట్టము పగలవచ్చును. కనుక ప్రతి గొట్టమును పొడవైన కొలిమిలో 900 డిగ్రీలకు పైగా వేడిచేసి, నిదానముగా చల్లార్చుతారు. కార్బైడు విడివడి గ్రాఫైటు అవుతుంది. చుట్టునున్న ఇనుము మెత్తబడుతుంది. మిల్లిస్ కలిపిన మందును, బాయిడెన్ వేసిన కొలిమిని ఒకే గొట్టములో ఈ విధముగా కలిసియున్నవి.

రసాయన విశ్లేషణ చేస్తే విరిగే పోతలోను, వంగే పోతలోను కర్బనము ఒకే పాళ్లలో ఉండవచ్చును. పాళ్ల పట్టిక మాత్రమే చూచినవారికి భేదము తెలియదు. పదార్థము గుణము దానిలో ఏమేమి ఎంతెంత ఉన్నదనుటపై మాత్రమే గాక, అది ఏ ఆకారములో, ఏ అమరికలో ఉన్నదనుటపైన కూడ ఆధారపడుతుంది. పెన్సిలులోని గ్రాఫైటును, వజ్రమును పోల్చి ఈ సంగతిని తరగతిలో చెప్పుట వాడుక. వజ్రము అందరి చేతికి అందేది కాదు. విరిగిన పోతఇనుప ముక్క ప్రతి ఊరి పాతసామానుల దుకాణములోను దొరుకుతుంది. దాని విరుగును భూతద్దముతో చూపితే, రెయోమూర్ మూడువందల సంవత్సరముల క్రిందట మొదలుపెట్టిన పరిశీలనను విద్యార్థి తన కన్నులతో తాను తిరిగి చేయగలుగుతాడు.